పేజ్‌మేకర్‌లో ఉండిపోయిన పాత పుస్తకాన్ని యూనికోడ్‌లోకి తేవడం ఎలా?

గోస్తనీ_గట్టు
మా మావయ్యకి తణుకులో చాలా ఏళ్లు డీటీపీ షాపు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు అన్నీ చేసేవాడు. ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని మా ఊరి చరిత్ర టైపు చేసుకున్నాడు. చెరువులు, పంట కాలవలు, ఏ వీధి ఎలా వచ్చింది, ఊడ్పుల పాటలు, ఇప్పుడు ఊళ్లో కనపడని ఇంటిపేర్లు అన్నీ ఉన్నాయి అందులో. రెండొందల పేజీలు దాటింది. మొత్తం పేజీలు అమర్చే పేజ్‌మేకర్ 6.5 అనే ప్రోగ్రాంలో, అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంది. కొన్ని కాపీలు వేయించి ఊళ్లో పంచాడు, అవి ఎప్పుడో అయిపోయాయి. ఆయన దగ్గర ఒకటే మిగిలింది.

దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనపడే పద్ధతిలోకి మార్చి, నెట్లో పెట్టాలని నా కోరిక. నా ల్యాప్‌టాప్‌లో పేజ్‌మేకర్ లేదు. తెలిసినవాళ్లు టెక్స్టు తీసి మెయిల్లో పంపారు. తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. పాత ఫాంటు టెక్స్టుని యూనికోడ్‌గా మార్చే ఒక ఉచిత కన్వర్టర్ సైటులో వేస్తే తెలుగైతే వచ్చింది గానీ "ప్రజలు" కాస్తా "పజ్రలు" అయ్యారు, "ప్రభుత్వం" "పభ్రుత్వం" అయింది. కొన్నిచోట్ల ఒత్తులు అసలే లేవు. మావయ్యకి చూపిస్తే మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు. మొత్తం మళ్లీ టైపు చేయించడం తప్ప దారి లేదా? ఈ పని చేసి గట్టెక్కినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కరీంనగర్_కిరణ్
పజ్రలు, పభ్రుత్వం! ఇవి వార్తల సైట్లల్ల కూడా కనిపిస్తుంటయ్. టైపిస్టు తప్పు కాదా ఇది?

పాలమూరు_పిల్ల
టైపు చేసేవాళ్లకు "ప్రజలు" రాయరాకుండా ఉంటుందా కిరణ్ గారూ. మెషీన్ పనే అది.

డీటీపీ_శ్రీను
అవును, టైపిస్టుకి ఏ పాపం తెలియదు. నేను విజయవాడలో ఈ పని చేసే షాపు నడిపాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

అను లాంటి పాత ఫాంట్లలో కంప్యూటర్‌కి అది తెలుగు అని తెలియదు. ఇంగ్లిషు అక్షరాలకీ గుర్తులకీ ఉన్న నంబర్లలో తెలుగు ముక్కలు గీసి పెట్టారు. అక్షరాలు కాదు, ముక్కలు. తలకట్టు ఒక నంబరు, గుడి ఒక నంబరు, ఒత్తు ఇంకో నంబరు. మొత్తం ఉన్న స్థానాలు 256. అందులో కొన్ని వాడకూడనివి. మిగిలినవాటిలో తెలుగుకి కావలసినవన్నీ ఇరికించాలి. ఎవరి ఫాంట్లు వాళ్లు తమ తెలివికొద్దీ సర్దుకున్నారు. ఫాంటు ఉన్నంతసేపూ కంటికి తెలుగే. ఫాంటు మారిస్తే అడుగునున్న ఇంగ్లిషు బయటపడుతుంది.

ఇక క్రారవడి, అంటే ర ఒత్తు సంగతి. దాన్ని రెండు రకాలుగా గీస్తారు. ఒకటి అక్షరాన్ని ఎడమ నుంచి చుట్టుకుంటూ వస్తుంది. రెండోది అక్షరం కింద కుడి పక్కన ఉంటుంది. ఎడమ రకం ఫైల్లో అక్షరం కంటే ముందుంటుంది, కుడి రకం అక్షరం తర్వాత ఉంటుంది. కన్వర్టర్ రాసినవాళ్లు ఈ తేడా పట్టించుకోకపోతే "ప" కింద ఉండాల్సిన క్రారవడి వెళ్లి పక్కనున్న "జ"కి తగులుకుంటుంది. అదే పజ్రలు.

గోస్తనీ, ముందు రెండు సంగతులు చెప్పు. ఫాంటు పేరేంటి? కన్వర్టర్‌లో ఏ వెర్షన్ ఎంచుకున్నావు? అను 6కీ 7కీ మ్యాపింగు, అంటే ఏ నంబరులో ఏ ముక్క ఉందన్నది, ఒకటి కాదు.

గోస్తనీ_గట్టు
వెర్షన్ ఎంచుకోమని ఆ సైటు అడగనే లేదు శ్రీనన్నా. ఒక పెట్టెలో పేస్టు చెయ్యి, బటన్ నొక్కు, అంతే. ఫాంటు పేరు మావయ్యని అడుగుతాను.

డీటీపీ_శ్రీను
అడగని సైటుని వదిలెయ్యి. అడిగేవి ఉన్నాయి.

వికీ_చీమ
నా మాట వేరు. అసలు కన్వర్టర్ జోలికే పోవద్దు. మీ దగ్గర అచ్చు పుస్తకం ఒకటుందన్నారు కదా, దాన్ని స్కాన్ చేసి ఓసీఆర్ చేయండి, అంటే బొమ్మలోని అక్షరాలని కంప్యూటర్ చేత చదివించి టెక్స్టుగా మార్పించండి. 300 డీపీఐలో స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద తెలుగు టెక్స్టు వచ్చేస్తుంది. పుస్తకాలు ఉచితంగా చదువుకునే తెలుగు వికీసోర్స్ సైటులో పాత పుస్తకాల మీద పనిచేసేవాళ్లు ఓసీఆర్‌తోనే మొదలుపెడతారు. 1920ల నాటి సీసం అచ్చు పుస్తకాలే చక్కగా చదువుతోంది, మీ మావయ్య గారి డీటీపీ పేజీలు దానికి ఎంత?

డీటీపీ_శ్రీను
చీమ గారూ, ఫైలు చేతిలో ఉండగా బొమ్మ తీసి దాంట్లోంచి అక్షరాలు ఏరుకోవడం ఎందుకండీ?

వికీ_చీమ
ఫైలు "పజ్రలు" అంటోంది కాబట్టి.

ఉబుంటు_మాస్టారు
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి గానీ, ముందు ఆ ఫైలు తెరుచుకోవాలి కదా. పేజ్‌మేకర్ అమ్మకం ఎప్పుడో ఆగిపోయింది, చివరిది 2001 నాటి 7.0. గోస్తనీ, మీరు లిబ్రేఆఫీస్ ఎక్కించుకోండి, ఉచితం. అందులో డ్రా అనే ప్రోగ్రాం పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుస్తుంది. పేజీ అమరిక కొంత చెదురుతుంది, పట్టించుకోకండి, మనకి కావాల్సింది అక్షరాలు. ఏదైనా అక్షరాల పెట్టె మీద నొక్కితే ఫాంటు పేరు పైన కనిపిస్తుంది. మావయ్య గారిని కదిపి మళ్లీ బాధపెట్టక్కర్లేదు.

డీటీపీ_శ్రీను
మాస్టారు చెప్పింది మంచి దారి. ఇంకోటి, తణుకులోనో భీమవరంలోనో పాత డీటీపీ షాపు ఏదో ఒకటి ఇంకా నడుస్తూనే ఉంటుంది, పేజ్‌మేకర్ అక్కడ దొరుకుతుంది. టెక్స్టు మీద కర్సర్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసి టెక్స్ట్ ఓన్లీ అని తీయమను. ఆ ఫైలుని జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో. మెయిల్లో పేస్టు చేసి పంపించుకోకు. 256 స్థానాల్లో పై సగంలో ఉన్న గుర్తులు దారిలో ప్రశ్నార్థకాలుగా మారిపోయే ప్రమాదం ఉంది. ఒకసారి మారాక వాటిని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

వర్డ్‌లో కూడా దిద్దొద్దు. వాక్యం మొదట్లో చిన్నక్షరాన్ని పెద్దక్షరం చేసేస్తుంది, నిటారు కొటేషన్లని వంకర కొటేషన్లు చేస్తుంది. మామూలు ఇంగ్లిషుకి అది సాయం. మనకి మాత్రం ఒక్కో మార్పుతో ఒక్కో ముక్క తారుమారు. నోట్‌ప్యాడ్ చాలు.

కరీంనగర్_కిరణ్
ఒత్తులు మాయమైనయ్ అన్నరు కదా, అది కూడా ఇందుకేనా అన్నా?

డీటీపీ_శ్రీను
చాలావరకు ఇందుకే. కొన్ని నంబర్లు బ్రౌజర్ దృష్టిలో కనిపించని గుర్తులు. విరగని ఖాళీ, సాఫ్ట్ హైఫన్ లాంటివి. ఏ ఒత్తునైనా ఆ నంబర్లో కూర్చోబెడితే వెబ్ పేజీలో పేస్టు చేసేటప్పుడే రాలిపోతుంది. కన్వర్టర్ దాకా చేరదు.

లాయర్_లక్ష్మి
ఒక్క మాట. ఊరి చరిత్ర కాబట్టి పర్వాలేదు గానీ, ఇది చదివి దస్తావేజులు, వీలునామాలు కూడా ఏదో ఒక కన్వర్టర్ సైటులో వేసేవాళ్లుంటారు. మా ఆఫీసులో పాత ఫైళ్లన్నీ ఇలాంటి ఫాంట్లలోనే ఉన్నాయి. కక్షిదారుల పేర్లు, సర్వే నంబర్లు, ఆస్తుల వివరాలు ముక్కూమొహం తెలియని సైటుకి ఇవ్వకూడదు. నేను చేసే పరీక్ష ఒకటుంది. సైటు పూర్తిగా తెరుచుకున్నాక నెట్ ఆపేసి, ఏదో ఉత్తుత్తి వాక్యం వేసి బటన్ నొక్కుతాను. అప్పటికీ మార్పు జరిగితే పని మన బ్రౌజర్‌లోనే అవుతోందని అర్థం. జరగకపోతే మన వాక్యం ఎక్కడికో వెళ్లి వస్తోందన్నమాట. అలాంటి చోట ఆఫీసు కాగితాలు వేయను.

ఉబుంటు_మాస్టారు
మంచి పరీక్ష. పని అయ్యాక నెట్ ఆన్ చేసే ముందు ఆ ట్యాబ్ మూసేస్తే ఇంకా నయం.

పాలమూరు_పిల్ల
నేను వేరే దారి చెప్తా. పాటల అధ్యాయం ఉందన్నారు కదా. దాన్ని నోటితో చదివి టైపు చేయించండి. ఫోన్‌లో గూగుల్ వాళ్ల జీబోర్డు అనే కీబోర్డు పెట్టుకుని, భాష తెలుగు చేసి, మైకు నొక్కి చదవడమే. గూగుల్ తెలుగుకు ఈ సౌకర్యం 2017లో తెచ్చింది. కంప్యూటర్‌లో అయితే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి వాయిస్ టైపింగ్ పెట్టుకోవచ్చు. నేను బడిలో పిల్లల కథలన్నీ అట్లాగే ఎక్కిస్తాను. కామాలు, ఫుల్‌స్టాపులు తర్వాత చేత్తో పెట్టుకోవాలి, అంతే.

డాలస్_దోసె
పాటలకి వాయిస్ టైపింగా? మా అమ్మమ్మ శ్రీకాకుళం యాసలో చెప్పిన పాటలు నేను అలా ఎక్కించబోతే అన్నీ టీవీ వార్తల తెలుగులోకి తిప్పేసింది. "ఎల్లిపోనాడు" అంటే "వెళ్లిపోయాడు" అని రాస్తుంది. అర్థం చేసుకుంది, సంతోషం. పాట మాత్రం పోయింది.

పాలమూరు_పిల్ల
అది నిజమే. మా వైపు మాటలు కూడా అట్లాగే సాపు చేస్తది. వచనానికి మంచిగ పనిచేస్తది, పాటలకు వద్దు. ఆ సలహా పాటల వరకు వెనక్కి తీసుకుంటున్నా.

ఒత్తుల_సుబ్బు
ప్రూఫులు దిద్దేవాడిగా నాదొక మనవి. ఏ దారిలో వెళ్లినా తప్పులు వస్తాయి. ఏ దారి తప్పులు దిద్దడం తేలిక అన్నదే చూసుకోవాలి. గోస్తనీ గారూ, ఒకే పేజీని రెండు పద్ధతుల్లోనూ మార్చి, వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెట్టండి. ఆ పేజీలో కొంచెం వచనం, కొన్ని ఊరి పేర్లు, అంకెలు ఉండేలా చూడండి.

గోస్తనీ_గట్టు
సరేనండి. డ్రాలో తెరుచుకుంది! ఫాంటు అనుపమ అని చూపిస్తోంది, అను 7 అట. వెర్షన్ అడిగే కన్వర్టర్ పట్టుకున్నాను, లక్ష్మి గారి పరీక్షలో నెగ్గింది కూడా. జాతర గురించి ఉన్న పేజీ ఒకటి తీసుకున్నాను.

కన్వర్టర్‌లో వచ్చింది:
"పత్రి సంవత్సరం మాఘ మాసంలో జాతర జరుగుతుంది. చుట్టుపక్కల గామ్రాల పజ్రలు బండ్లు కట్టుకుని వచ్చేవారు. శుక్రవారం రాత్రి పభ్ర ఊరేగింపు."

ఓసీఆర్‌లో వచ్చింది:
"ప్రతి సంవత్సరం మాఘ మాసంలో జాతర జరుగుతుంది. చుట్టుపక్కల గ్రామాల ప్రజలు బండ్లు కట్టుకుని వచ్చేవారు. 47 శుక్రవారం రాత్రి ప్రథ ఊరేగింపు."

అసలు పుస్తకంలో ఉన్నది "ప్రభ ఊరేగింపు". ఆ 47 పేజీ నంబరు, వాక్యం మధ్యలో దూరింది.

వికీ_చీమ
చూశారా! ఓసీఆర్‌లో ఒక్కటే అక్షరం తప్పు.

డీటీపీ_శ్రీను
ఆ ఒక్కటే కొంప ముంచేది. "ప్రథ" అన్నది చదువుతూ పోతే కంటికి ఆనదు. కన్వర్టర్ తప్పులు చూడు, అన్నీ ఒకే తప్పు. క్రారవడి పక్కకి జరిగింది, అంతే. ఒకసారి రీప్లేస్ కొడితే పుస్తకమంతా బాగవుతుంది.

ఒత్తుల_సుబ్బు
శ్రీను గారు అసలు విషయం పట్టుకున్నారు. కన్వర్టర్ ఒకే తప్పుని ప్రతిచోటా చేస్తుంది. ఓసీఆర్ ఎక్కడ ఏ తప్పు చేస్తుందో చెప్పలేం. ఒక పేజీలో "థ" బదులు "ధ", ఇంకో పేజీలో "ధ" బదులు "థ", మరకున్న చోట "భ"కి బదులు ఇంకేదో. అందుకే రెండొందల పేజీల వచనానికి నేను కన్వర్టర్ వైపే.

కానీ ఆ "ఒకసారి రీప్లేస్ కొడితే" అన్నదానితో జాగ్రత్త! "జ్ర" కనిపించిన చోటల్లా మార్చేస్తే వజ్రం పోతుంది. "భ్ర" మారిస్తే శుభ్రం పోతుంది. "క్ర" మారిస్తే మీరిచ్చిన ఈ పేరాలోనే శుక్రవారం పోతుంది, చక్రం పోతుంది, చక్రపాణి గారూ పోతారు. అక్షరాన్ని కాదు, మాట మొదలుని పట్టుకోవాలి. "పజ్ర"తో మొదలయ్యేవన్నీ "ప్రజ", "పభ్రు"తో మొదలయ్యేవన్నీ "ప్రభు", "గామ్ర" అంటే "గ్రామ". ఇవి నిశ్చింతగా మార్చొచ్చు, ఎందుకంటే తెలుగులో "పజ్ర"తో మొదలయ్యే మాట లేదు.

"పత్రి" దగ్గర మాత్రం ఆగండి. అది నిజంగా ఉన్న మాట. మీ పుస్తకంలో వినాయక చవితి ప్రస్తావన ఉంటే, పిల్లలు పత్రి కోసుకొచ్చిన చోట "పిల్లలు ప్రతి కోసుకొచ్చారు" అవుతుంది. పత్రిక కూడా "ప్రతిక" అయిపోతుంది. ఈ ఒక్క మాటనీ ఒక్కొక్క చోటా చూసి మార్చాల్సిందే.

గోస్తనీ_గట్టు
సుబ్బు గారూ, వినాయక చవితి అధ్యాయమే ఉంది! పత్రి పేర్లన్నీ రాశాడు మావయ్య, ఏది ఏ గట్టు మీద దొరికేదో కూడా.

ఒత్తుల_సుబ్బు
అయితే ఆ అధ్యాయాన్ని వేరే ఫైలుగా పెట్టుకుని పూర్తిగా చేత్తోనే చూడండి. అలాంటి వివరం ఇంకెక్కడా దొరకదు, దాన్ని రీప్లేస్ బటన్ చేతిలో పెట్టొద్దు.

వికీ_చీమ
సరే, ఒప్పుకుంటున్నా, ఫైలున్నప్పుడు కన్వర్టరే ముందు. కానీ ఓసీఆర్ ప్రతిని పారేయకండి. రెండు టెక్స్టులూ పక్కపక్కన పెట్టి పోల్చండి. పోల్చే ఉచిత ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, మెల్డ్ అని ఒకటి నేను వాడతాను. రెండూ ఒకేలా ఉన్న చోట దాదాపు నిశ్చింత. తేడా ఉన్న చోటే రంగు పడుతుంది. కన్వర్టర్ "పభ్ర" అంటుంది, ఓసీఆర్ "ప్రథ" అంటుంది, అక్కడ మీరు ఆగి పుస్తకం చూస్తారు. రెండు పద్ధతులూ ఒకే చోట ఒకే తప్పు చేయడం చాలా అరుదు.

డీటీపీ_శ్రీను
ఇది బాగుంది. ఈ మాట ముందే చెప్పుంటే మనిద్దరికీ పోట్లాట తప్పేది కదండీ.

కరీంనగర్_కిరణ్
పోట్లాడుకున్నరు కాబట్టే మాకింత తెలిసింది. కానివ్వండి.

డాలస్_దోసె
యూనికోడ్‌లో మాత్రం ఈ క్రారవడి గొడవ ఎందుకు రాదు? అక్కడ కూడా ముక్కలే కదా.

ఉబుంటు_మాస్టారు
ముక్కలు కావు, అక్షరాలు. తెలుగు 1991 నాటి మొట్టమొదటి యూనికోడ్ నుంచే ఉంది. మనకి కేటాయించింది 128 స్థానాలు. అందులో క్రారవడికి విడిగా స్థానమే లేదు. "ప్ర" అంటే ప, పొల్లు, ర. ఈ వరుసే ఫైల్లో ఉంటుంది. దాన్ని ఎడమ నుంచి చుట్టాలా, కుడి పక్కన పెట్టాలా అన్నది ఫాంటు చూసుకుంటుంది. ఫాంటు మారిస్తే రూపం మారుతుంది గానీ వరుస మారదు. అందుకే వెతికితే దొరుకుతుంది, ఏ ఫోన్‌లోనైనా చదవగలుగుతాం, గట్టిగా చదివి వినిపించే ప్రోగ్రాములకీ అందుతుంది. చూపు లేనివాళ్లకి ఆఖరిది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. పాత ఫాంట్లలో ఉన్న పుస్తకం వాళ్లకి అసలు లేనట్టే.

లాయర్_లక్ష్మి
ఫాంటు చూసుకుంటుందన్నారు, ఫోన్లు చూసుకోలేని రోజు కూడా వచ్చింది కదా. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు మూసుకుపోయేవి. ప్రపంచమంతా వార్త అయింది.

ఉబుంటు_మాస్టారు
అయింది. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. అందులో అక్షరాలతో పాటు కంటికి కనపడని గుర్తు ఒకటి ఉండటం వల్ల వచ్చిన చిక్కు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. గోస్తనీ గారికి కూడా అది పనికొస్తుంది కాబట్టి చెప్తున్నా. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు "ట్" మీద పొల్లు నిలబడాలంటే ఆ గుర్తు మధ్యలో ఉండాలి. లేకపోతే "సాఫ్ట్వేర్" అని వ ఒత్తు అయిపోతుంది. కన్వర్టర్లు కొన్ని దీన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. పుస్తకంలో ఇంగ్లిషు మాటలు, పొల్లుతో ముగిసే పేర్లు ఉన్న చోట ఒకసారి చూడండి. ఒకే పేరు రెండు రకాలుగా ఉంటే వెతికేటప్పుడు సగం దొరకవు.

గోస్తనీ_గట్టు
చూస్తాను మాస్టారూ. "కాటన్ దొర" చాలాచోట్ల ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట, కాలవల సంగతి మావయ్య చాలా రాశాడు.

మొదటి అధ్యాయం కన్వర్టర్, ఓసీఆర్ రెండూ పోల్చి దిద్దాను. మావయ్యకి ఫోన్‌లో పెట్టి ఇస్తే కళ్లజోడు తెచ్చుకుని చివరిదాకా చదివాడు. చదివి, రెండు ఇంటిపేర్లు అసలు పుస్తకంలోనే తప్పు పడ్డాయి మార్చాలన్నాడు. ఇప్పుడు ఆయనే కూర్చుని దిద్దుతానంటున్నాడు. సమస్య ఏంటంటే ఆయన చేతులకి అనులోని యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ (మీటల అమరిక) తప్ప ఇంకోటి రాదు. లేఖిని సైటు చూపించాను, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాయడం ఏంట్రా అన్నాడు. ఆ యాపిల్ లేఅవుట్‌తో యూనికోడ్ టైపు చేసే మార్గం ఉందా?

అనంత_టైపిస్టు
ఉంది. ఈ వయసులో ఆయన వేళ్లకి కొత్త పాఠాలు చెప్పకండి. విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ల కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది. ఏ మీట నొక్కితే ఏ యూనికోడ్ అక్షరం రావాలో మనమే చెప్పి కీబోర్డు తయారు చేసుకోవచ్చు. కొంచెం ఓపిక కావాలి. ఒత్తుల దగ్గర ఒక్క మీటకి పొల్లు, హల్లు రెండూ కలిపి ఇవ్వొచ్చు, ఆ వీలు అందులో ఉంది.

ఉబుంటు_మాస్టారు
విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత సిస్టం అయితే తయారు చేసుకునే పని కూడా లేదు. ఐబస్ ఎమ్17ఎన్ అనే టైపింగు ప్రోగ్రాం ఎక్కించుకుంటే తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, పోతన లేఅవుట్లతో పాటు యాపిల్ అని కూడా ఉంటుంది.

పాలమూరు_పిల్ల
ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి, అదే మేలు. 1986 నుంచి ఉన్న ప్రమాణం. విండోస్‌లో ఉంటుంది, చాలాచోట్ల దొరుకుతుంది. ఒకసారి వస్తే కన్నడం, హిందీ కూడా అవే మీటలతో కొట్టొచ్చు.

అనంత_టైపిస్టు
మీ బడి పిల్లలకి ఇన్‌స్క్రిప్టే నేర్పండి మేడమ్, నేనూ అదే అంటాను. చూడకుండా యాపిల్ కొట్టే మనిషికి మాత్రం ఆ వేగమే ఆస్తి. ఆయన చెప్పాలనుకున్నది వేళ్ల దగ్గర ఆగిపోకూడదు.

పాలమూరు_పిల్ల
ఆయన విషయంలో సరే. కొత్తగా నేర్చుకునేవాళ్లను మాత్రం ఆ లేఅవుట్‌లోకి దించకండి.

డాలస్_దోసె
చదివేవాళ్ల వైపు నుంచి ఒక విన్నపం. పీడీఎఫ్ ఒక్కటే పెట్టి వదిలేయకండి. ఫోన్‌లో పీడీఎఫ్ అంటే వేళ్లతో సాగదీసి పక్కలకి జరుపుకుంటూ చదవాలి, మా నాన్నగారు రెండో పేజీకే పక్కన పెట్టేస్తారు. మామూలు వెబ్ పేజీగా అధ్యాయానికి ఒకటి పెట్టండి. అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతారు. ఫాంట్లు కూడా ఇప్పుడు మంచివి ఉన్నాయి. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, రామభద్ర, సురన్న, గిడుగు ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. నాకైతే లోపలి పాఠానికి మండలి, శీర్షికలకి రామభద్ర బాగుంటాయి.

డీటీపీ_శ్రీను
రామభద్ర శీర్షికలకి బ్రహ్మాండంగా ఉంటుంది. పాఠానికి నోటో సెరిఫ్ తెలుగు కూడా ఒకసారి పెట్టి చూడు గోస్తనీ. ఏది పెట్టినా వరస మధ్య ఖాళీ కాస్త ఎక్కువ వదులు, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుళ్లకి తగులుతాయి.

వికీ_చీమ
వికీసోర్స్‌లో కూడా పెట్టే ఆలోచన చేయండి. ఒక పక్క స్కాన్ పేజీ, రెండో పక్క టెక్స్టు కనపడతాయి. ఎవరు చదివినా తప్పు కనిపిస్తే అక్కడే దిద్దొచ్చు. దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, రెండోవారు కూడా సరిచూస్తే ఆకుపచ్చ. అయితే దానికి మీ మావయ్య గారు స్వేచ్ఛా లైసెన్సు ఇవ్వాలి. మన దేశంలో కాపీరైటు రచయిత జీవితకాలంతో పాటు ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఆయన ఇప్పుడు ఇవ్వకపోతే తర్వాత వారసులందరినీ అడగాల్సి వస్తుంది.

లాయర్_లక్ష్మి
ఇచ్చే ముందు ఆయనకి స్పష్టంగా చెప్పండి. స్వేచ్ఛా లైసెన్సు అంటే ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పేరు మాత్రం ఆయనది ఉంచాలి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఆయనకి ఇష్టమైతేనే.

గోస్తనీ_గట్టు
అడిగాను. "ఊరి గురించి రాసింది ఊరికి కాకపోతే ఇంకెవరికి" అన్నాడు. కాయితం మీద సంతకం పెడతానన్నాడు. పాటలు మాత్రం ఎవరు పాడగా రాసుకున్నాడో వాళ్ల పేర్లు కూడా చేర్చాలన్నాడు. అవి పుస్తకంలో లేవు, ఆయన నోట్‌బుక్‌లో ఉన్నాయి. చేర్చి పెడతాను.

ఒత్తుల_సుబ్బు
చాలా మంచిపని. పాటలు ఆయన చేత చదివించి రికార్డు కూడా చేసుకోండి, ఏ అక్షరం ఎలా పలకాలో తర్వాత అనుమానం వస్తే వినొచ్చు. పాత ఫైలు, ఫాంటు ఫైలు, స్కాన్లు, దిద్దిన టెక్స్టు నాలుగూ రెండు చోట్ల దాచండి. ఫాంటు లేకుండా పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే దాస్తే ప్రయోజనం లేదు.

డీటీపీ_శ్రీను
గోస్తనీ, నేను వాడే రీప్లేస్ జాబితా ఉంది, అను 7దే. ప్ర, గ్ర, త్రలతో వచ్చే మాటలన్నీ వరుసగా ఉంటాయి. సుబ్బు గారు చెప్పినట్టు "పత్రి" లాంటివి విడిగా పెట్టి ఇక్కడే ఎక్కిస్తాను. అందరికీ పనికొస్తుంది.

కరీంనగర్_కిరణ్
అన్నా, మా నాయిన దగ్గర పాత యక్షగానం ప్రతి ఒకటుంది, అది శ్రీలిపి అనే వేరే ఫాంట్లల్ల ఉంది. దానికీ ఇదే పద్ధతా?

డీటీపీ_శ్రీను
పద్ధతి ఇదే, మ్యాపింగు వేరు. నా జాబితా దానికి పనిచేయదు. కొత్త చర్చ పెట్టండి కిరణ్ గారూ. ఫాంటు పేరు, ఒక పేరా టెక్స్టు, అదే పేరా ఫొటో మూడూ పెట్టండి. పద్యాలు ఉన్న పేజీ కాకుండా వచనం ఉన్న పేజీతో మొదలుపెడదాం.

కరీంనగర్_కిరణ్
పెడుతున్నా. ఫొటో నాయిననే తీసి పంపుతనన్నడు.